కాకతీయుల చెరువుల గురించి చాలామందికి తెలియని విషయం ఏమిటి?

"కాకతీయుల చెరువులు ఎనిమిది వందల ఏళ్లు ఎట్లా నిలిచాయి? దీంట్లో చాలామందికి తెలియనిది ఏమైనా ఉందా?" అని అడిగారు.

ఉంది. రామప్ప గుడి అంటే నీళ్లలో తేలే ఇటుకల ముచ్చటే చెప్తారు. ఆ గుడి కట్టించిన కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడే పక్కనున్న చెరువు కూడా కట్టించాడు. దాని సంగతి అడిగేవాళ్లు తక్కువ.

చెరువు ఎట్లా కట్టాలో చెప్పే శాసనమే ఒకటుంది. కాకతీయుల తర్వాతది, 1369 నాటిది. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు కడప జిల్లా పోరుమామిళ్లలో వేయించాడు. మంచి చెరువుకు ఉండాల్సిన 12 అంగాలు, ఉండకూడని 6 దోషాలు అని అందులో లెక్క రాశారు. ఆ చెరువుకు రెండేళ్లపాటు రోజూ వెయ్యిమంది కూలీలు, రాయి మోయడానికి వంద బండ్లు పెట్టారట.

ఆ అంగాల్లో అసలు కీలకం గుట్టల నడుమ పొట్టి, గట్టి రాతికట్ట. ములుగు జిల్లాలో కాకతీయుల లక్నవరం చెరువు పోయి చూడండి, అచ్చం అదే. మూడు ఇరుకు లోయలకు మూడు చిన్న కట్టలు వేశారు, మిగతా కట్టంతా గుట్టలే. కట్ట ఎంత పొడుగైతే గండి పడే చోట్లు అన్ని ఎక్కువ.

ఇక దోషాలు: కట్టలోంచి నీళ్లు ఊరడం, చౌడు నేల, చెరువు నడుమ మిట్ట, నీళ్లు తక్కువై ఆయకట్టు పెద్దదవడం, నీళ్లు ఎక్కువై చోటు చాలకపోవడం. రెండు రాజ్యాల హద్దులో ఉండడం కూడా దోషమేనట! నదీజలాల పంచాయితీలు చూసినవాళ్లకు ఇది వివరించక్కర్లేదు.

మొదటి దోషం ఇప్పటికీ మన చెరువులను తింటున్నది. బుంగ, అంటే కట్టలో నీళ్లు దూరే కన్నం, ఎక్కువగా తూము పక్కన పడుతుంది. రాయికీ మట్టికీ అతుకు వదిలితే నీళ్లు ఆ సందు వెంట పారతాయి. ఎండ్రకాయల బొరియలు, కట్ట మీద చెట్టు కొట్టేశాక కుళ్లిన వేళ్లు కూడా అట్లాంటి దారులే. ఊట తేటగా ఉంటే కనిపెడుతూ ఉండాలి. బురదగా వస్తే లోపల మట్టి కొట్టుకుపోతున్నట్టే, ఆలస్యం పనికిరాదు. అట్లని బయటివైపు బంకమట్టి కొట్టి మూయకండి, నీళ్లు ఇంకోచోట పొడుచుకొస్తాయి. ఊట చుట్టూ ఇసుక బస్తాలు గుండ్రంగా పేర్చి, లోపల జానెడు దొడ్డు ఇసుక, దాని మీద జానెడు కంకర పోయాలి. నీళ్లు పోతాయి, మట్టి ఆగుతుంది. బంకమట్టి బస్తాలు వేయాల్సింది చెరువు లోపలివైపు, నీళ్లు దూరే చోట.

పూడిక తీసేటప్పుడు కట్ట పాదం దగ్గర తవ్వితే కట్ట కూర్చుంటుంది. బంకపొర దాటి ఇసుక తగిలేదాకా తవ్వితే నీళ్లన్నీ కిందికి ఇంకిపోతాయి.

నీళ్లు ఎక్కువై చోటు చాలని దోషం మత్తడి దగ్గర, అంటే నిండిన చెరువు పొర్లిపోయే చోట, బయటపడుతుంది. చెరువు నీళ్లు నిలిచే శిఖం భూమిలో ఇండ్లు లేస్తే నీళ్లకు చోటుండదు. ఇంకో నాలుగు నీళ్లు ఆగుతాయని మత్తడి మీద బస్తాలు పెడితే ఆ నీళ్లు కట్ట మీది నుంచి దుంకుతాయి. 2023 జులై చివర్లో రామప్ప చెరువున్న వెంకటాపూర్ మండలంలోని లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 64.98 సెంటీమీటర్లు కురిసింది. అట్లాంటి రోజున ఒకదాని కిందొకటిగా ఉండే గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువుకు గండి పడితే ఆ నీళ్లన్నీ ఒక్కసారిగా కింది చెరువు మీద పడతాయి. వాటికోసం దాని మత్తడి ఖాళీగా ఉండాలి.