మూడో నవలతో మొదలుపెట్టవచ్చా?

సైకలాజికల్ క్రైమ్ సిరీస్‌లో మూడో నవల చేతికి వచ్చింది, మొదటి రెండూ దొరకడం లేదు, చదివేయనా ఆగనా అని అడిగారు. చదివేయండి. కాకపోతే చిన్న నష్టం ఒకటుంది. నేను ఆ నష్టపోయినవాణ్ణే.

నాకు ముందుగా దొరికింది పట్రీషియా హైస్మిత్ రాసిన ‘రిప్లీస్ గేమ్’. 1974లో వచ్చింది, టామ్ రిప్లీ నవలల్లో మూడోది. ఆ సంగతి గమనించకుండానే మొదలుపెట్టాను. తెరిచేసరికి టామ్ ఫ్రాన్స్‌లో ఒక పల్లెటూళ్లో, పెద్ద ఇంట్లో, భార్యతో దర్జాగా బతుకుతున్నాడు. తోట, సంగీతం, మంచి భోజనం. ఒక విందులో జోనథన్ అనే అతను, బొమ్మలకు ఫ్రేములు కట్టుకుని బతికే సామాన్యుడు, టామ్‌తో కాస్త పుల్లవిరుపుగా ఒక మాట అంటాడు. అంతే. లుకేమియాతో బాధపడుతున్న ఆ మనిషికి ఇక రోజులు దగ్గరపడ్డాయని టామ్ పుకారు పుట్టిస్తాడు. చావు భయం పట్టుకున్నవాణ్ణి డబ్బు ఆశ చూపి హత్యకు ఒప్పించడం తేలిక కదా!

అక్కడ నేను పుస్తకం మూసి కూర్చున్నాను. ఒక్క మాటకు ఇంత పగా? రచయిత్రి కారణం రాయడం మరచిపోయారనిపించింది. పూర్తిచేశాను గానీ టామ్ నాకు మనిషిలా కాక ఏదో విషపురుగులా మిగిలాడు.

కొన్ని నెలలకు 1955 నాటి మొదటి నవల ‘ది టాలెంటెడ్ మిస్టర్ రిప్లీ’ చదివాను. అందులో టామ్ చేతిలో డబ్బు లేదు. కలిగినవాళ్ల పక్కన నిలబడి, వాళ్ల చూపుల్లో తన విలువ ఎంతో వెతుక్కునే కుర్రాడు. ఎవరైనా ముఖం తిప్పుకుంటే తట్టుకోలేడు. విందులో ఆ పుల్లవిరుపు మాట ఎక్కడ తగిలిందో అప్పుడు అర్థమైంది. నేను వెతికిన కారణం రెండు పుస్తకాల వెనక ఉంది.

హత్యలు చేసిన టామ్ ‘దొరికిపోతాడా, లేదా’ అన్న ఉత్కంఠ పోతుందని చాలామంది భయపడతారు. నేను దాన్ని పెద్దగా లెక్కపెట్టను. రిప్లీ నవలలు మొత్తం ఐదు, చివరిది 1991లో వచ్చింది. ఐదు ఉన్నాయంటేనే మొదటిదాంట్లో అతను దొరకలేదని అర్థం! అది తెలిసి చదివినా నా అరచేతులు చెమర్చాయి. నేను పోగొట్టుకున్నది వేరే. వరుసలో చదివినవారు ముందు ఆ కుర్రాడి మీద జాలిపడతారు, ఆ తర్వాత ఎవరి మీద జాలిపడ్డామో తెలిసి ఉలిక్కిపడతారు. నాకు అసహ్యం ముందు కలిగింది. జాలి తర్వాత వచ్చినా మనసారా రాలేదు. మళ్లీ ఎన్నిసార్లు చదివినా ఆ మొదటి పరిచయం నాకు దక్కలేదు.

అన్ని సిరీస్‌లూ ఇలా ఉండవు. తానా ఫ్రెంచ్ అనే రచయిత్రి రాసిన ‘డబ్లిన్ మర్డర్ స్క్వాడ్’ నవలల్లో కథ చెప్పే డిటెక్టివ్ ప్రతిసారీ మారతారు కనుక ఎక్కడినుంచైనా అందుకోవచ్చు. రెండోదాన్ని మాత్రం మొదటిది చదివాకే పట్టుకోండి. అందులో కథ చెప్పే కాసీ మోస్తున్న గాయం మొదటి కేసులో తగిలిందే. రచయిత జో నెస్బో విషయంలో తప్పు పాఠకులది కాదు. నార్వేలో 1997లో మొదలైన, హ్యారీ హోల్ అనే డిటెక్టివ్ సిరీస్‌లో ఇంగ్లీషులోకి ముందు వచ్చింది ఐదో నవల, 2005లో. మొదటి నవల ఇంగ్లీషులో రావడానికి 2012 దాకా పట్టింది. మూడు, నాలుగు, ఐదు నవలల గుండా ఒక సహోద్యోగి హత్య కథ సాగి ఐదోదాంట్లో తేలుతుంది. అంటే ఇంగ్లీషు పాఠకులకు ముడి చూపించకముందే ముడి విప్పి చూపించారన్నమాట. ఈ మూడింటినీ మాత్రం వరుస తప్పించకండి.

మీ చేతిలో ఉన్నది ఏ సిరీస్‌లోదో చెప్పలేదు కనుక నా పద్ధతి చెబుతాను. వెనుక అట్ట చదవను, ముందుమాట ఉంటే అదీ చివరికే. మొదటి యాభై పేజీల్లో పాత కేసు పేరు ఒకసారి వస్తే పట్టించుకోను. అదే పేరు మూడోసారి వచ్చి, అది వినగానే డిటెక్టివ్ మాట మారిస్తే మాత్రం అక్కడ గుర్తు పెట్టి ఆపేస్తాను, వెనకటి పుస్తకం దొరికేదాకా.