పిట్ట ఫొటోతో పాఠం చెప్పొచ్చా?

ప్రశ్న: జువాలజీ డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. రెండేళ్లుగా పక్షుల ఫొటోలు తీస్తున్నాను. వాటితో స్కూలు పిల్లలకు ప్రకృతి పాఠాలు చెప్పాలని ఉంది. అప్పు చేసైనా పెద్ద లెన్స్ కొందామంటే ఇంట్లో ‘ఇదీ ఒక ఉద్యోగమేనా’ అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: పాఠాలు మొదలుపెట్టండి, లెన్స్ మాత్రం ఇప్పుడే వద్దు. పక్షుల ఫొటోలు అమ్ముకుని బతకగలిగేది చాలా కొద్దిమంది. మీరు కోరుకుంటున్నది బోధన. దానికి పత్రిక ముఖచిత్రం లాంటి ఫొటో అక్కర్లేదు, పిల్లల చేత ప్రశ్న అడిగించే ఫొటో చాలు.

పిచ్చుకనే తీసుకోండి. అది గింజలు తింటుందని పిల్లలందరికీ తెలుసు. ముక్కున పచ్చటి గొంగళిపురుగును కరుచుకుని గోడమీద వాలిన పిచ్చుక ఫొటో చూపించి, మీరు కాసేపు మాట్లాడకుండా ఊరుకోండి. ‘గింజలు కదా తినేది, పురుగెందుకు?’ అని ఎవరో ఒకరు అడుగుతారు. గూట్లో కూనలు త్వరగా ఎదగాలంటే మాంసకృత్తులు కావాలి, అందుకే వాటికి ఎక్కువగా పురుగులే మేపుతుంది. మరి చెట్లకు పురుగుమందు కొడితే కూనల సంగతేంటి? ఆ మాట మీరు ఎత్తకండి, వాళ్లనే ఎత్తనివ్వండి.

మగ పిచ్చుక గొంతు కింద నల్లమచ్చ చూశారు కదా! పాత ఈకలు రాలి కొత్తవి వచ్చినప్పుడు ఆ నలుపు సరిగ్గా కనిపించదు. ఈకల లేతరంగు కొసలు దాన్ని కప్పేస్తాయి. నెలలు గడిచేకొద్దీ కొసలు అరిగి, జతకట్టే కాలానికి నలుపు బయటపడుతుంది. నెలనెలా తీసిన ఫొటోలు వరసగా పెడితే పిల్లలు ఈ మార్పును తామే పట్టుకుంటారు. అందుకే ఊళ్లు తిరిగి వంద జాతులు తీసేకంటే, ఒకే చోట ఏడాదంతా కూర్చోవడం మీకు ఎక్కువ పనికొస్తుంది. ఈ మాట చెప్పగానే కుర్రాళ్ల మొహాలు వాడిపోతాయి, ఏం చేస్తాం! కెమెరాలో తేదీ, సమయం సరిగ్గా ఉన్నాయో లేదో ఈరోజే చూసుకోండి.

డిగ్రీ అయ్యాక ఎకాలజీలో పీజీ గానీ, టీచర్ ట్రైనింగ్ గానీ చేయండి. చేతిలో సైన్స్ టీచర్ అర్హత ఉంటే ఇంట్లోవాళ్ల టెన్షన్ సగం తగ్గుతుంది. జూలు, మ్యూజియాలు, పక్షి సంరక్షణ సంస్థల విద్యా విభాగాల్లోనూ ప్రయత్నించవచ్చు. అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీ పక్షిశాస్త్ర ల్యాబ్ నడిపే ఈబర్డ్ వెబ్‌సైట్ 2002 నుంచి ఉంది. చూసిన పక్షుల్ని ఫొటోలతో అందులో నమోదు చేస్తూ ఉంటే, గుర్తుపట్టడంలో మీ నేర్పుకు అదే రుజువు.

ఒక్క విషయంలో మాత్రం కచ్చితంగా ఉండండి. గూటి దగ్గరకెళ్లి, కొమ్మలు పక్కకు జరిపి తీసిన ఫొటో మీ పోర్ట్‌ఫోలియోలో ఒక్కటి కూడా ఉండకూడదు. తల్లి బెదిరి ఎగిరిపోతే గుడ్లు చల్లబడతాయి, తెరిచిన కొమ్మలు కాకులకు దారి చూపిస్తాయి. విషయం తెలిసినవాళ్లు ఇంటర్వ్యూలో అలాంటి ఫొటో చూస్తే, మిగతావి తిప్పి కూడా చూడరు.