పరీక్ష కోసం మందు ఆపారా? ముందు మీ డాక్టరును కలవండి

ప్రశ్న: మా తమ్ముడి వయసు 34. పది వారాల క్రితం ఎడమ కాలి నరంలో రక్తం గడ్డకడితే ఆసుపత్రిలో చేర్చాం. మూడో రోజు చేసిన పరీక్షలో రక్తం గడ్డకట్టకుండా అదుపు చేసే ప్రొటీన్ ఎస్ తక్కువని, లూపస్ యాంటీకోయాగ్యులెంట్ అనే యాంటీబాడీ పాజిటివ్ అని వచ్చింది. మళ్లీ పరీక్ష చేయిద్దామని ఐదు రోజులుగా రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన వార్ఫరిన్ మాత్ర ఆపాం. కాలి నొప్పికి మందుల షాపులో ఇచ్చిన బిళ్లలు వేసుకుంటున్నాడు. ఇది వంశపారంపర్యమా? పెళ్లి కుదిరిన మా చెల్లెలికీ పరీక్షలు చేయించాలా?
– ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: మీరు అడిగినదాని కంటే, మాటల మధ్యలో చెప్పి వదిలేసిన సంగతే నన్ను ఎక్కువ కలవరపెడుతోంది. కాలి సిరలో గడ్డ ఏర్పడిన తర్వాత సాధారణంగా కనీసం మూడు నెలలు మందు వాడాలి. ఆ గడువు నిండకముందే ఆపితే కొత్త గడ్డ ఏర్పడి, అది ఊపిరితిత్తులకు చేరే ప్రమాదం ఉంటుంది. ఇది చదివిన రోజే చికిత్స చేసిన వైద్యుణ్ణి కలవండి. వార్ఫరిన్ పూర్తిగా పనిచేయడానికి కొన్ని రోజులు పడుతుంది కనుక, ఈలోగా ఇంజెక్షన్ అవసరమా, మాత్ర ఎంత మోతాదులో మొదలుపెట్టాలి అన్నది ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని చూపే పరీక్ష) చూసి ఆయనే నిర్ణయించాలి. మీ అంతట మీరు మొదలుపెట్టడమూ సరికాదు. ఆయాసం, ఛాతీ నొప్పి, దగ్గితే రక్తం పడటం వంటివి కనిపిస్తే ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి.

షాపు బిళ్లల పేరు మీరు రాయలేదు. అవి డైక్లోఫెనాక్ వంటి నొప్పి మందులైతే, వార్ఫరిన్‌తో కలిసినప్పుడు కడుపులో రక్తస్రావం కావచ్చు. తమ్ముడు ఏ మందు మీద ఉన్నాడో ఆ షాపులో చెప్పారా? చాలామంది చెప్పరు, ఆ పూటకు నొప్పి తగ్గితే చాలనుకుంటారు.

ఇక రిపోర్టు సంగతి. గడ్డ తాజాగా ఉన్నప్పుడు, గడ్డకట్టడాన్ని అదుపు చేసే ప్రొటీన్ సి, ప్రొటీన్ ఎస్, యాంటీత్రాంబిన్ మూడూ తగ్గి కనిపించవచ్చు; గడ్డకు ఇచ్చే హెపారిన్ ఇంజెక్షన్ యాంటీత్రాంబిన్‌ను, వార్ఫరిన్ తక్కిన రెండింటినీ తగ్గిస్తాయి కాబట్టి, మూడో రోజు ఫలితాన్ని పట్టుకుని పుట్టుకతో వచ్చిన లోపమని ముద్ర వేయలేం. లూపస్ యాంటీకోయాగ్యులెంట్ అసలు వంశపారంపర్యమైనది కాదు. యాంటీకోయాగ్యులెంట్ అన్న పేరుకు గడ్డకట్టనివ్వనిదే అయినా, ఒంట్లో చేసే పని అందుకు విరుద్ధం, గడ్డలను పెంచుతుంది. కనీసం 12 వారాల ఎడంతో రెండోసారీ పాజిటివ్ వస్తేనే దానికి విలువ. గడ్డకట్టే ముప్పును పెంచే జన్యుమార్పును వెతికే ఫ్యాక్టర్ ఫైవ్ లైడెన్ పరీక్షకు మాత్రం ఈ అడ్డంకులు లేవు.

రక్తం తీసే చోటునూ చూసుకోవాలి. రక్తం గడ్డకట్టకుండా సిట్రేట్ కలిపిన నీలి మూత గొట్టాన్ని గీత వరకు నింపాలి, ప్లాస్మాను (రక్తకణాలు తీసేసిన ద్రవాన్ని) త్వరగా వేరుచేసి నాలుగు గంటల్లోపు పరీక్షించాలి, లేదా ఘనీభవింపజేసి పంపాలి. బొబ్బిలిలో పొద్దున తీసిన రక్తాన్ని అలాగే సాయంత్రం బస్సులో విశాఖ పంపితే వచ్చే అంకెలను నేను నమ్మను.

మీ చెల్లెలికి ఇప్పుడు పరీక్షలు అవసరం లేదనే నా అభిప్రాయం. తమ్ముడికి ఏ లోపమో తేలాక ఆలోచించవచ్చు. అయితే ముహూర్తానికి అడ్డు రాకూడదని నెలసరి వాయిదా మాత్రలు గానీ, తర్వాత గర్భనిరోధక మాత్రలు గానీ వాడాలనుకుంటే, వాటిలో కొన్ని గడ్డకట్టే ముప్పును పెంచవచ్చు కనుక, ముందుగా స్త్రీ వైద్య నిపుణురాలికి మీ తమ్ముడి కాలిలో గడ్డకట్టిన విషయం తప్పక చెప్పమనండి.