చైనా ఆరెంజ్ చిగుళ్లు పాలిపోతుంటే...

ప్రశ్న: కడియం నర్సరీలో కొన్న చైనా ఆరెంజ్‌ను ఏడాదిగా మేడ మీద కుండీలో, పొలం మట్టిలో పెంచుతున్నాం. బోరు నీళ్లే పోస్తాం. కొత్తాకులు పసుపుగా, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటున్నాయి. పూత రాలిపోతోంది. ఏం చేయాలి?
– ఓ పాఠకురాలు, అమలాపురం

జవాబు: చిగురాకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పాలిపోతే అది ఇనుము లోపం. (ముదురాకులు మొత్తంగా పసుపైతే నత్రజని చాలలేదని.) సాధారణంగా మట్టిలో ఇనుము ఉంటుంది, క్షారం, ఉప్పు ఉన్న బోరు నీళ్లు పోస్తుంటే వేరు దాన్ని అందుకోలేదు. మన ఒండ్రు బంకమట్టి కుండీలో గట్టిపడి నీరు దిగనివ్వదు. వేరుకు ఊపిరాడకే పూత రాలుతుంది. అడుగు రంధ్రం దగ్గరి మట్టి వాసన చూడండి. మురుగు వాసనొస్తే వెంటనే కుండీ మార్చాలి.

14 అంగుళాల కుండీలో ఎర్రమట్టి రెండు పాళ్లు, ముతక ఇసుక ఒకటి, బాగా మాగిన పశువుల ఎరువు ఒకటి, గుప్పెడు వేపపిండి కలపండి. అంటు కట్టిన చోటు మట్టికి పైనే ఉండాలి. దాని కింద నుంచి ముళ్లతో లేచే కొమ్మ అంటుకు వాడిన అడుగు మొక్కది, ఎంత ఏపుగా ఉన్నా మురిసిపోకండి, మొదలంటా కోసేయండి. చిలేటెడ్ ఇనుము (మొక్క తేలిగ్గా అందుకునే రూపంలోని ఇనుము) లీటరు నీటికి 1 గ్రాము కలిపి, సాయంత్రం పూట, 15 రోజులకోసారి మూడుసార్లు పిచికారీ చేయండి. గుణం కొత్త చిగురులోనే తెలుస్తుంది. వీలైతే వాన నీళ్లు పట్టి, పైమట్టి అంగుళం లోతు ఆరాకే పోయండి.

లేతాకు మీద పిట్ట రెట్టలాంటిది కదిలితే అది సీతాకోకచిలుక పురుగు. ఏరేస్తే చాలు, మందు దండగ. పండును లాగితే తొక్క చిరుగుతుంది, కత్తెరతో కోయండి.