స్క్రీన్‌లో పచ్చగానే ఉంది, ఎలివేటర్ ఆగిపోయింది!

ప్ర: మా రైస్ మిల్లులో పాత ప్యానెల్ బోర్డు తీసేసి పీఎల్‌సీ (మోటార్లని నడిపించే చిన్న కంప్యూటర్), టచ్ స్క్రీన్ పెట్టించాం. స్క్రీన్‌లో ఎలివేటర్ (ధాన్యాన్ని పైకి మోసే బకెట్ల బెల్టు) పచ్చగా తిరుగుతూనే ఉంటుంది. వెళ్లి చూస్తే బెల్టు ఆగిపోయి, కింద బూటు (ఎలివేటర్ అడుగు పెట్టె) నిండా ధాన్యం! స్క్రీన్ మార్చేయమంటారా? ఫొటో పంపుతున్నా.
- ఒక పాఠకుడు, మండపేట

జ: మార్చినా కొత్తదీ ఇదే చూపిస్తుంది. ఆ పచ్చరంగుని దేనికి ముడేశారో మీ ప్రోగ్రామర్‌ని అడగండి. బహుశా పీఎల్‌సీ ఔట్‌పుట్‌కే అయ్యుంటుంది. అంటే 'తిరుగు' అని చెప్పాం అన్నంత వరకే. కాంటాక్టర్ (మోటారుకి కరెంటు కలిపే స్విచ్చి) ఆక్సిలరీ, అంటే దాంతోపాటే కదిలే చిన్న కాంటాక్టు నుంచి వైరు తెస్తే కాంటాక్టర్ పట్టిందని తెలుస్తుంది, అయినా బెల్టు జారితే మోటారు దారి మోటారుదే కదా! ఎలివేటర్ కింది షాఫ్టు దగ్గర ప్రాక్సిమిటీ సెన్సర్ (షాఫ్టు తిరిగేకొద్దీ పల్సులు పంపేది) బిగించి, పల్సులు తగ్గగానే ఆ ఎలివేటర్‌నీ, దానికి ధాన్యం పోసేదాన్నీ ఆపించండి. స్టార్టింగులో కొన్ని సెకన్లు గడువివ్వాలి, లేదంటే అసలు స్టార్టే అవనివ్వదు.

1979లో అమెరికాలోని త్రీ మైల్ ఐలాండ్ అణు కేంద్రంలోనూ ఇదే తంతు. ప్యానెల్ మీద దీపం ఆరింది, వాల్వు మూసుకుందనుకున్నారు. అది తెరుచుకునే ఉంది. ఆ దీపం చెప్పింది వాల్వుకి వెళ్లే కరెంటు సంగతి!

మీ స్క్రీన్ ఫొటో చూశాను, సంక్రాంతి ముగ్గే. వెనక లేత బూడిదరంగు వేయించండి, మామూలుగా నడిచేవన్నీ అదే ఛాయలో ఉండాలి. డబ్బులు దండగైనట్టు అనిపిస్తుంది, నిజమే. కానీ ఒక్క మూల ఎర్రబడితే కన్ను అక్కడికే పోతుంది. ఎరుపు, పచ్చ తేడా తెలియని మగవాళ్లు ఉంటారు కాబట్టి పక్కన 'ఆగింది' అని అక్షరాల్లోనూ రాయించండి. 'ఫాల్ట్ 17' అంటే అర్ధరాత్రి ఆపరేటర్ ఏం చేస్తాడు? '3వ ఎలివేటర్ బెల్టు జారుతోంది, బూటు చూడు' అనాలి.

ప్ర: మా ప్యానెల్‌లో తెలుగు రాస్తే వత్తులు విడిపోతున్నాయి.
- భీమవరం, ఐస్ ఫ్యాక్టరీ

జ: కొన్ని ప్యానెళ్లకి మన గుణింతాలు, వత్తులు కలపడం రాదు. మారని మాటల్ని కంప్యూటర్లో టైపు చేసి, బొమ్మలుగా అతికించండి. అంకెలు మాత్రం లైవ్‌గా ఉంచండి.

మండపేట వారికి, మీరు అడక్కపోయినా: ఎమర్జెన్సీ స్టాప్ స్క్రీన్ మీదే కనిపించింది. అది చాలదు. ఎర్ర మష్రూమ్ బటన్ విడిగా, సొంత వైరింగుతో ఉండాలి. స్క్రీన్ హ్యాంగైనా మిల్లు ఆగాలి. ఒకటి బూటు దగ్గరా పెట్టించండి.