నలభై ఏళ్ల సేకరణ ఇక వద్దనిపిస్తే

ప్రశ్న: నాకు 54 ఏళ్లు. పదేళ్ల వయసులో నాన్నగారు కొనిచ్చిన ఆల్బమ్‌తో స్టాంపుల సేకరణ మొదలుపెట్టాను. తర్వాత నాణేల పిచ్చీ తోడైంది. ఇప్పుడు 14 ఆల్బమ్‌లు, రెండు పెట్టెల నిండా నాణేలు, లెక్కలేనన్ని విడి స్టాంపులు ఉన్నాయి. ఆరేడేళ్లుగా వాటిని తెరవాలని కూడా అనిపించడం లేదు. మా ఆవిడ బీరువా ఖాళీ చేయమంటోంది. అమ్మేద్దామంటే తమ్ముడు 'నాన్న గుర్తును అమ్ముకుంటావా?' అని మండిపడ్డాడు. పిల్లలకు ఆసక్తి లేదు. ఉంచుకోనూ లేను, వదులుకోనూ లేను. అమ్మబోతే మోసపోతానేమోనన్న భయం ఒకటి. ఏం చేయమంటారు?
- ఒక పాఠకుడు

జవాబు: ముందుగా ఒక్క విషయం చూసుకోండి. ఆసక్తి పోయింది స్టాంపుల మీదేనా, లేక స్నేహితులు, తిండి, నిద్ర, పని అన్నిటి మీదా పోయిందా? అన్నిటి మీదా అయితే ఆల్బమ్‌లను అలాగే ఉంచి డాక్టర్‌ని కలవండి. మనసు బాగాలేనప్పుడు అమ్మినవాటిని తిరిగి తెచ్చుకోలేం. మిగతా జీవితం మామూలుగానే సాగుతుంటే, ఈ అభిరుచి మీకివ్వాల్సింది ఇచ్చేసిందని అర్థం. అందులో తప్పేమీ లేదు.

మీ ఉత్తరంలో మూడు చిక్కులు ఒకే ముడిగా పడి ఉన్నాయి: నాన్నగారి జ్ఞాపకం, వస్తువుల విలువ, మీ నలభై ఏళ్ల శ్రమ. ఒకటి కదిలిస్తే మిగతా రెండూ అడ్డొస్తున్నాయి కాబట్టే ఆరేడేళ్లుగా మీ చెయ్యి ఆడటం లేదు. ఒక్కొక్కటే విడదీయాలి. తమ్ముడి సంగతితో మొదలుపెట్టండి. ఎందుకంటే డీలర్ దగ్గర పొరపాటు జరిగితే కొంత డబ్బు పోతుంది, తమ్ముడి దగ్గర జరిగితే అంతకన్నా ఎక్కువే పోతుంది.

ఈ మాట ఫోన్లో వద్దు. ఎదురెదురుగా కూర్చుని, మొదటి ఆల్బమ్ తెరిచి మాట్లాడండి. 'నాన్న చేత్తో ఇచ్చింది ఒక్కటి కూడా అమ్మను. నేను కొన్నవి మాత్రం వదిలేద్దామనుకుంటున్నాను. నాన్నవి ఏవో మనిద్దరం కలిసి తీద్దాం. అందులో నీ దగ్గర ఏవి ఉంటే బాగుంటుందో చెప్పు' అనండి. అతని కోపం అమ్మకం గురించే కాకపోవచ్చు. తనను అడగకుండా నిర్ణయం జరిగిపోతోందన్న బాధ కూడా అందులో ఉండి ఉంటుంది. అప్పటికీ 'ఏదీ అమ్మొద్దు' అంటే వాదించకుండా మొత్తం తీసుకెళ్లమని అడగండి. ఎక్కడ పెడతాడో, ఎలా కాపాడతాడో చెప్పడానికి నెల గడువు ఇవ్వండి. వద్దనడం తేలిక. చెమ్మ తగలని చోట 14 ఆల్బమ్‌లు ఉంచడం తేలిక కాదు. ఆ పని తన మీద పడ్డాక అతని మాట దానంతట అదే మెత్తబడొచ్చు. లేదా నిజంగానే తీసుకోవచ్చు, అదీ మంచిదే. ఇక్కడే ఇంకో జాగ్రత్త. నాన్నగారు సొంతంగా దాచుకున్న నాణేలు మీ పెట్టెల్లో కలిసి ఉంటే వాటిలో తమ్ముడికీ వాటా ఉండొచ్చు. ఆ లెక్క ధర కట్టించకముందే తేలాలి. ధర తెలిశాక మొదలయ్యే వాటాల మాట వేరే దారి పడుతుంది.

నాన్నగారిచ్చిన ఆల్బమ్‌ను ఉన్నదున్నట్టు ఉంచేయండి. అందులోంచి 'మంచి స్టాంపు' ఒక్కటి కూడా లాగొద్దు. ఆ పుస్తకానికి బయటి ధరతో పని లేదు. మిగతావాటిలో మనసుకు దగ్గరైనవి ఉంటే పేజీలకు ఫొటోలు తీసి, ఎప్పుడు ఎలా దొరికాయో రెండు ముక్కలు రాసుకోండి. ఇది కంటితుడుపు సలహా కాదు. 2017లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, ఒక విశ్వవిద్యాలయం హాస్టళ్లలో వస్తువులు దానమివ్వమని రెండు రకాలుగా అడిగారు. 'ముందు ఫొటో తీసుకోండి, తర్వాత ఇవ్వండి' అన్న హాస్టళ్ల నుంచి 613 వస్తువులు వచ్చాయి. మామూలుగా అడిగినచోట 533 వచ్చాయి. జ్ఞాపకం ఎక్కడికీ పోదన్న ధైర్యం ఉంటే వస్తువు మీద పట్టు కొంత సడలుతుంది.

మీ కోసం ఏవి ఉంచుకోవాలో కూడా ఇప్పుడే, ధరలేవీ తెలియకముందే తేల్చుకోండి. ఒక చెప్పుల డబ్బా తీసుకోండి. అందులో పట్టినంత మీది. ధరలు తెలిశాక ఎంచుకుంటే ఇష్టమైనవాటికి బదులు ఖరీదైనవి ఉంచుకుంటారు, పాత చిక్కు మళ్లీ మొదటికొస్తుంది.

ఇక విలువ. మనం పట్టుకున్నదాని మీద మనకు ఎక్కువ ధర తోస్తుంది. 1990లో కానెమన్, నెట్ష్, థేలర్ అనే పరిశోధకులు చేసిన ప్రయోగాల్లో మామూలు కాఫీ కప్పులు చేతికిచ్చినవారు అడిగిన ధర, కొనేవాళ్లు ఇస్తామన్నదానికి రెట్టింపుపైనే తేలింది. కప్పు చేతికొచ్చి ఎంతోసేపు కూడా కాలేదు. మీవి నలభై ఏళ్లుగా మీ దగ్గరే ఉన్నాయి. కాబట్టి మొదటి డీలర్ చెప్పే అంకె విని 'మోసం!' అనిపించడం ఖాయం. అది మోసం కావచ్చు, కాకపోనూవచ్చు. తేల్చుకునే పద్ధతి కింద చెబుతాను.

పాతదైతే విలువైనదన్న నమ్మకం ముందు వదలాలి. ప్రపంచంలో మొదటి జిగురు స్టాంపు పెన్నీ బ్లాక్ 1840లో వచ్చింది. దాన్ని 6.8 కోట్లకు పైగా ముద్రించారు. అందుకే అంత పాతదైనా అరుదైనవాటి జాబితాలో అది రాదు. కేటలాగ్‌లో, అంటే స్టాంపుల ధరల పుస్తకంలో కనిపించే ధర కూడా మీకొచ్చే ధర కాదు. స్టాన్లీ గిబ్బన్స్ వంటి కేటలాగ్‌లు దుకాణం వాడు మంచి స్థితిలో ఉన్న ఒక్క స్టాంపును కొనేవాడికి అమ్మే ధర ఇస్తాయి. చౌక స్టాంపుల దగ్గర ఉండే కనీస ధరలో ఎక్కువ భాగం దాన్ని వెతికి తీసి కవర్లో పెట్టే కూలీ. అలాంటివి వెయ్యి ఉన్నాయని ఆ ధరను వెయ్యితో హెచ్చవేస్తే వచ్చేది ఉత్త అంకె. చిన్నప్పుడు ప్యాకెట్లలో కొన్న స్టాంపులను భూతద్దంతో చూడండి. ముద్ర ఒక మూల నీటుగా పడి, వెనక జిగురు చెక్కుచెదరకుండా ఉంటే అవి ఉత్తరం మీద ప్రయాణించినవి కావు. సేకరించేవాళ్లకు అమ్మడానికే ముద్ర కొట్టి వదిలినవి. వాటికి పెద్దగా ఏమీ రాదు. పిల్లలకు ఇవ్వడానికి మాత్రం అవి భేషుగ్గా ఉంటాయి.

విలువ ఎక్కడ దాక్కుంటుందంటే: వాడని స్టాంపుల్లో అసలు జిగురు, హింజ్ (స్టాంపును పేజీకి అంటించే చిన్న జిగురు కాగితం) అతికించిన మచ్చ లేకపోవడం, అంచు పళ్లన్నీ నిండుగా ఉండటం, బొమ్మ చుట్టూ తెల్ల అంచు సమానంగా ఉండటం. పాత ఉత్తరాల కవర్లు ఉంటే స్టాంపు కత్తిరించొద్దు, ఊడదీయొద్దు. పోస్టు ముద్ర, దారి, తేదీ అన్నీ కలిసిన నిండు కవరుకు స్టాంపు కన్నా ఎక్కువ పలకొచ్చు. నాణేల్లో సంవత్సరం, టంకశాల గుర్తు, అరుగుదల ముఖ్యం. వెండి, బంగారు నాణేలకు లోహం ధర ఎలాగూ ఉంటుంది కనుక 0.01 గ్రాము వరకు చూపే చిన్న త్రాసుతో తూచి రాసుకోండి. అయస్కాంతానికి అంటుకుంటే అది వెండీ కాదు, బంగారమూ కాదు. అంటుకోనంత మాత్రాన అసలుదని నమ్మడానికీ లేదు.

ఇల్లు సర్దే ఉత్సాహంలో చాలామంది చేసే పని నాణేలు తోమడం. దయచేసి ఆ పని చేయకండి. నిమ్మరసం, టూత్‌పేస్ట్, పాలిష్ ఏదైనా సరే, పైపొరను తినేసి సన్నటి గీతలు మిగులుస్తుంది. సేకరించేవాళ్లు ఆ గీతల్ని చూడగానే పట్టేస్తారు, ధర సగానికన్నా కిందికి కూడా పోవచ్చు. నల్లబడిన వెండిని అలాగే ఉంచండి. మెత్తటి ప్లాస్టిక్ పౌచ్‌లలో ఏళ్లుగా ఉన్న నాణేల మీద ఆకుపచ్చ జిగట కనిపిస్తే అది పీవీసీ చేసిన పని. వాటిని ఆ పౌచ్‌లోంచి తీసి పీవీసీ లేని కవర్లో విడిగా ఉంచండి, శుభ్రం చేయడం తెలిసినవాళ్లకు వదిలేయండి. నాణేన్ని అంచులతో పట్టుకోవాలి, స్టాంపును మొన మొద్దుగా ఉన్న పట్టకారుతో. పేజీకి అతుక్కుపోయిన వాడని స్టాంపును నీళ్లలో వేస్తే దాని జిగురుతో పాటు విలువా కరిగిపోతుంది.

మొత్తం సేకరణను స్టాంపు స్టాంపుగా జాబితా రాయాలనుకోకండి. మూడో ఆల్బమ్ దగ్గర విసుగొచ్చి పని ఆగిపోతుంది. మొదటి రోజు ఆల్బమ్‌లకు, పెట్టెలకు అంకెలు అతికించండి, అంతే. తర్వాత వారానికి రెండు సార్లు, ఒక్కో గంట. ప్రతి పేజీకి పగటి వెలుగులో ఒక ఫొటో తీయండి. నోటు పుస్తకంలో ఒక్కో ఆల్బమ్‌కు ఒక్కో వరుస: దేశం, ఏ ఏళ్ల నుంచి ఏ ఏళ్ల వరకు, వాడినవా వాడనివా, సెట్లు పూర్తా కాదా, మచ్చలు, చెదలు. ఏవో ముప్పై నలభై మంచివి కనిపిస్తే వాటికి మాత్రం విడిగా వివరం రాసుకోండి.

ఇప్పుడు అసలు నిర్ణయం. ఎక్కువ డబ్బు, త్వరగా వదిలిపోవడం, మంచి చేతుల్లో పడటం, ఈ మూడింటిలో మీకు ఏది ముఖ్యం? మూడూ నిండుగా కావాలంటే దొరకవు. రెండు దొరికితే అదృష్టం. మీ ఉత్తరాన్ని బట్టి మీకు డబ్బు అవసరం కన్నా మోసపోకూడదన్న పట్టింపు ఎక్కువగా ఉన్నట్టుంది. నా అంచనా నిజమైతే మంచి చేతులకు మొదటి స్థానం, వేగానికి రెండోది ఇవ్వమంటాను. మీ ఆవిడతో కూర్చుని ఇది తేల్చుకోండి, వచ్చిన డబ్బు దేనికి వాడాలో కూడా అప్పుడే అనుకోండి. బీరువాలో ఫలానా అర ఫలానా తేదీకి ఖాళీ అవుతుందని ఆమెకు చెప్పి, ఆ అర నిజంగానే ఖాళీ చేసి చూపించండి. ఈ పని ముందుకు సాగుతోందన్న నమ్మకం ఆమెకు కలుగుతుంది.

వేగం కావాలంటే గుంపగుత్తగా డీలర్‌కు అమ్మడం. అతను చెప్పే మొత్తం కేటలాగ్ లెక్కలో చిన్న భాగమే ఉంటుంది. కారణం, అతను కొనేది పైనున్న కొద్దిపాటి మంచివాటి కోసం. మిగతావి విడదీసి అమ్ముకోవడానికి అతనికి ఏళ్లు పడుతుంది. కనీసం ముగ్గురికి చూపించండి. ప్రతి ఒక్కరినీ ఒకే ప్రశ్న అడగండి: 'ఇందులో బాగా విలువైన మూడు ఏవి?' ముగ్గురి జవాబులూ కలిస్తే ధర కూడా నమ్మదగ్గదే. ఇద్దరు చెప్పిన దాన్ని మూడోవాడు పేరైనా ఎత్తకుండా మొత్తానికి ధర కట్టాడంటే అనుమానించండి. ధర కాగితం మీద రాయించుకోండి. ఒకరి అంకె ఇంకొకరికి చెప్పకండి. అదే రోజు ఒప్పుకోకండి. 'ఈ నాలుగూ ఇవ్వండి, మిగతావి మీరే ఉంచుకోండి' అంటే ఆగండి. మీగడ తీసేశాక మిగిలిన పాలకు బేరం రాదు. ఆల్బమ్‌లు వారి దగ్గర వదలాల్సి వస్తే ఫొటోలతో సహా జాబితా మీద సంతకం తీసుకోండి.

మంచివాటికి వేలం దారి ఉంది. ఇచ్చేముందు రాతపూర్వకంగా అడగాల్సినవి: అమ్మేవారి కమీషన్ ఎంత, ఫొటోలకు, బీమాకు విడిగా వసూలు చేస్తారా, రిజర్వ్ ధర (ఇంతకు తక్కువైతే అమ్మకూడదన్న కనీస ధర) పెట్టొచ్చా, అమ్ముడుపోకపోతే ఖర్చు ఎవరిది, డబ్బు ఎన్నాళ్లకు వస్తుంది. వస్తువు ఇచ్చిన నాటి నుంచి డబ్బు అందేసరికి నెలలు పట్టడం మామూలే. ఒక స్టాంపు అసలుదా కాదా అన్న సందేహం ఉంటే నిపుణుల ధ్రువపత్రం ధరను బాగా పెంచుతుంది. ఆ ఫీజుకు చాలా రెట్లు పలికే స్టాంపుకే అది గిట్టుబాటు. నాణేల స్థితికి 70 పాయింట్ల కొలమానం మీద గ్రేడింగ్ (మార్కులు) ఇచ్చే సంస్థల విషయంలోనూ ఇదే లెక్క. ఇంకొకటి, పురాతన నాణేలను దేశం దాటించడం కొన్నిచోట్ల నేరం. విదేశీ కొనుగోలుదారు దొరికితే ముందు మీ దేశపు చట్టం కనుక్కోండి.

ఆన్‌లైన్లో ఒక్కొక్కటీ అమ్మితే ఎక్కువే రావొచ్చు. కానీ ఫొటోలు, ప్రశ్నలకు జవాబులు, ప్యాకింగ్, వాపసులు అన్నీ మీ మీదే పడతాయి. స్టాంపులంటే విసుగొచ్చిన మనిషికి ఇది సరిపడదు.

మంచి చేతులే ముఖ్యమైతే స్టాంపుల క్లబ్బు సభ్యుల్లో మీ సేకరణలోని ఒక భాగాన్నే సేకరించేవాళ్లను వెతకండి. డీలర్ కన్నా కాస్త ఎక్కువ ఇచ్చే వీలుంది, శ్రద్ధగానూ చూసుకుంటారు. మ్యూజియానికి ఇవ్వాలనుకుంటే అడగకుండా తీసుకెళ్లకండి. దాచే చోటు, లెక్క రాసే మనుషులు లేక చాలా మ్యూజియాలు వద్దంటాయి. తీసుకున్నా తర్వాత అమ్మే హక్కు ఉంటుందా, దాన పత్రంలో ఏం రాస్తారు అన్నది చూసుకోండి. పిల్లలకు ఇచ్చేటప్పుడు ఆల్బమ్‌ల మోత ఎత్తొద్దు. పక్షులో రైళ్లో, ఒకే అంశం మీద ఓ 200 స్టాంపులు, ఒక ఖాళీ పుస్తకం, హింజ్‌లు, పట్టకారు చాలు. ఖాళీలు నింపే సరదా వాళ్లకు మిగలాలి.

అమ్మిన కొన్నాళ్లకు 'తొందరపడ్డానా' అనిపించవచ్చు. అందుకే ఒకేసారి అంతా వద్దు. మీకు ఏ మాత్రం మమకారం లేని రెండు ఆల్బమ్‌లతో మొదలుపెట్టి, నెలయ్యాక మనసు ఎలా ఉందో చూసుకుని మిగతావాటికి వెళ్లండి. మొత్తానికి ఏడాది గడువు పెట్టుకోండి.

ఈలోపు ఏదైనా అనుకోనిది జరిగితే ఆ భారం పిల్లల మీద పడకుండా, ఈ వారమే ఒక కాగితం రాసి మొదటి పెట్టెలో పెట్టండి: ఏవి అమ్మకూడదు, మంచివి ఏ ఆల్బమ్‌లో ఉన్నాయి, ఎవరిని సంప్రదించాలి, నాణేలు తోమొద్దు. తమ్ముడికి కూడా ఒక ప్రతి ఇవ్వండి.