అమ్మానాన్నలతో ప్రాగ్‌లో రెండు రోజులు: ఏవి చూడాలి, ఏవి వదిలేయొచ్చు?

మీరు అడిగింది ఇదీ: బెర్లిన్‌లో ఉంటారు, మే నెలలో ఊరి నుంచి అమ్మానాన్న వస్తున్నారు, ఒక శుక్రవారం రాత్రికి ప్రాగ్ చేరి ఆదివారం సాయంత్రం తిరుగు రైలెక్కాలి. నాన్నగారికి మోకాళ్ల నొప్పులు, అమ్మగారు గుడ్డు కూడా ముట్టరు. ‘తప్పక చూడాల్సిన పాతిక ప్రదేశాలు’ లాంటి జాబితాలు చదివి ఏది చూడాలో, ఏది మానాలో తేలక టెన్షన్ పడుతున్నారు.

నేను పక్కనే డ్రెస్డెన్‌లో ఉంటాను. ఇంటికి చుట్టాలెవరొచ్చినా ప్రాగ్ తిప్పడం నా డ్యూటీ అయిపోయింది. మా అమ్మానాన్నల్ని కూడా మే నెలలోనే తీసుకెళ్లాను కాబట్టి ధైర్యంగా చెబుతున్నా. ఆ జాబితాలు పక్కన పెట్టేయండి. ప్రాగ్‌లో కోట, వంతెన, పాత ఊరి కూడలి మూడు వేర్వేరు ఫొటో పాయింట్లు కావు. ఒకే కథ కొండ మీద కోట కిటికీలో మొదలై, వంతెన బురుజు మీదుగా కూడలిలోని రాళ్ల దాకా వస్తుంది. ఆ వరసలో పైనుంచి కిందికి నడిస్తే కథ అర్థమవుతుంది, మోకాళ్లూ బాగుంటాయి.

శనివారం కోట, ఆదివారం యూదుల పేట. ఈ ఒక్కటీ తారుమారు చేయకండి. ఆ పేటలోని సినగాగులు (యూదుల ప్రార్థనాలయాలు), శ్మశానం అన్నీ కలిపి యూదు మ్యూజియం, శనివారం దాన్ని మొత్తం మూసేస్తారు. ఆదివారం పొద్దున కోటలోని సెయింట్ వైటస్ కెథడ్రల్‌లో ప్రార్థనలుంటాయి, చూడ్డానికి వచ్చినవాళ్లను మధ్యాహ్నం నుంచే లోపలికి పంపుతారు.

కోటకి మెట్లెక్కి వెళ్లమని ఎవరైనా చెబితే వినకండి. 22 నంబరు ట్రామ్ ఎక్కి ‘ప్రాజ్‌స్కీ హ్రాద్’ స్టాప్‌లో దిగితే, అక్కణ్నుంచి దాదాపు చదునైన దారే. టికెట్ కొంటే సరిపోదు, ఎక్కగానే పసుపురంగు పెట్టెలో పెట్టి ముద్ర వేయించుకోవాలి. మామూలు బట్టల్లో చెకింగ్ వాళ్లు తిరుగుతుంటారు, ముద్ర లేని టికెట్‌కి వాళ్ల దగ్గర విలువ లేదు. తొమ్మిదికల్లా కోట దగ్గరుంటే లైను తక్కువ.

కెథడ్రల్ పని 1344లో మొదలైంది. యుద్ధాలు, డబ్బుల ఇబ్బందులతో శతాబ్దాల పాటు ఆగి ఆగి 1929లో పూర్తయింది. లోపల ఎడమవైపు చెక్ చిత్రకారుడు అల్ఫోన్స్ ముఖా గీసిన రంగుల గాజు కిటికీ దగ్గర కాసేపు నిలబడండి. మిగతా కిటికీలు రంగు గాజు ముక్కలు అతికించినవి, దీన్ని చాలావరకు గాజు మీదే బొమ్మ వేసినట్టు వేశారు. మధ్యలో ఎర్రటి బట్టల్లో ఉన్న పిల్లవాడు చెక్‌ల రక్షక సెయింట్ వెన్‌సెస్లాస్, పక్కన నాయనమ్మ లుద్మిలా. అడుగున చూస్తే ‘బాంకా స్లావియే’ అని ఉంటుంది. ఆ కిటికీకి డబ్బిచ్చిన బీమా సంస్థ అది. మన గుళ్లలో ఫ్యాన్ రెక్కల మీద దాతల పేర్లు రాయించినట్టే అనిపించి నాకు నవ్వొచ్చింది.

అసలు చూడాల్సింది పాత రాజభవనం. జనం పెద్ద హాలు చూసి, ఫొటో తీసుకుని వెళ్లిపోతుంటారు. ఆ వ్లాదిస్లావ్ హాలు పక్కనే చిన్న గది ఒకటుంది, అందులో కిటికీలున్నాయి. 1618 మే 23న ప్రొటెస్టెంట్ పెద్దమనుషులు ఆ గదిలోకి దూసుకొచ్చి, చక్రవర్తి తరఫున పాలించే ఇద్దరు కాథలిక్ అధికారులనీ, వాళ్ల గుమస్తానీ కిటికీలోంచి కిందికి విసిరేశారు. సుమారు 20 మీటర్ల ఎత్తు. ముగ్గురూ బతికారు! మరియమ్మ తల్లే కాపాడిందని కాథలిక్కులు, కింద పెంటకుప్ప ఉండబట్టి బతికారని ప్రొటెస్టెంట్లు చెప్పుకున్నారు. యూరప్‌ని కాల్చేసిన ముప్ఫై ఏళ్ల యుద్ధం అక్కడ మొదలైంది. నాన్నగారిని ఆ కిటికీ దగ్గర నిలబెట్టి ఈ కథ చెప్పండి, మిగతా రోజంతా ఆయనే ముందు నడుస్తారు.

గోల్డెన్ లేన్ చిన్న చిన్న ఇళ్ల సందు. 22వ నంబరు ఇంట్లో రచయిత కాఫ్కా కొన్నాళ్లు రాసుకున్నాడు. అదే టికెట్‌లో వస్తుంది కానీ, రద్దీగా ఉంటే వదిలేయండి, నష్టమేం లేదు.

దిగడానికి నెరుదోవా వీధి పట్టుకోండి. ఇళ్లకి నంబర్లు లేని కాలంలో గుర్తుగా పెట్టుకున్న బొమ్మలు ఇంకా తలుపుల మీద ఉన్నాయి: ఒక ఇంటికి మూడు వయొలిన్లు, ఒక ఇంటికి ఇద్దరు సూర్యులు. దారి నిండా రాళ్ల పరుపే కాబట్టి చెప్పులు వద్దు, మెత్తటి అడుగున్న బూట్లు వేయించండి. మోకాళ్లు మొరాయిస్తే కింద చౌరస్తాలో అదే 22 ట్రామ్ దొరుకుతుంది.

తర్వాత చార్లెస్ బ్రిడ్జ్. 516 మీటర్ల పొడవు, రెండు వైపులా కలిపి 30 విగ్రహాలు. చాలావరకు నకళ్లే, అసలైనవి మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి. రాజు నాలుగో చార్లెస్ 1357లో దీనికి శంకుస్థాపన చేశాడు. ఏడో నెల తొమ్మిదో తారీఖు పొద్దున 5 గంటల 31 నిమిషాలకి మొదటి రాయి వేశాడని అక్కడ చెప్పుకుంటారు. 1, 3, 5, 7, 9, 7, 5, 3, 1 అని అంకెలు ఎక్కి దిగేలా జ్యోతిష్కులు పెట్టిన ముహూర్తమట. ‘మనకే అనుకున్నాను ఈ పిచ్చి’ అన్నారు నాన్న తృప్తిగా.

వంతెన మీద యాన్ నెపొముక్ అనే సెయింట్ విగ్రహం ఉంది. 1393లో చార్లెస్ కొడుకైన రాజు ఆయన్ని నదిలో తోయించాడు. విగ్రహం కింద కంచు పలకల్లో, ఆయన నదిలో పడే బొమ్మ ఉన్నచోట జనం చేతులు పెట్టీ పెట్టీ మిగతా పలక నల్లగా ఉన్నా అక్కడ మాత్రం బంగారంలా మెరుస్తోంది. తాకితే మళ్లీ ప్రాగ్ వస్తారని నమ్మకం. మా అమ్మ ఏమీ అడగలేదు, లైన్లో నిలబడి తాకి కళ్లకద్దుకుంది. మధ్యాహ్నం ఇక్కడ తొక్కిసలాటే. ఖాళీ వంతెన కావాలంటే ఆదివారం తెల్లవారుజామున మీరొక్కరే వెళ్లి రండి, పెద్దవాళ్లని నిద్ర లేపకండి.

వంతెన చివర పాత ఊరి వైపున్న నల్లటి బురుజు దగ్గర ఆగితే కిటికీ కథ కొనసాగుతుంది. తిరగబడినవాళ్లు 1620లో ఊరి బయట వైట్ మౌంటెన్ యుద్ధంలో ఓడిపోయారు. 1621 జూన్ 21న వాళ్ల నాయకుల్లో 27 మందిని పాత ఊరి కూడలిలో చంపించారు. వాళ్లలో పన్నెండు మంది తలల్ని ఈ బురుజుకే ఏళ్ల తరబడి వేలాడదీశారు. ఇప్పుడు దాని కింద సెల్ఫీలు దిగుతుంటారు.

కూడలికి వచ్చాక అందరూ గడియారం వైపు పరిగెడతారు. మీరు ముందు పాత టౌన్ హాలు తూర్పు గోడ పక్కన నేల చూడండి. రాళ్ల పరుపులో 27 తెల్ల శిలువలు పరిచి ఉంటాయి. జనం వాటి మీద నుంచే నడుస్తుంటారు. అలా బలైనవాళ్లలో యాన్ యెసెనియస్ అనే డాక్టరు కూడా ఉన్నాడు, యూనివర్సిటీ రెక్టర్. 1600లో ప్రాగ్‌లో అందరి ముందూ శవాన్ని కోసి శరీర నిర్మాణం చూపించిన మనిషి. ఖగోళ శాస్త్రవేత్త టైకో బ్రాహే చనిపోయినప్పుడు సంతాప ప్రసంగం చేసింది ఈయనే. టైకో సమాధి ఎదురుగా కనిపించే జంట గోపురాల టీన్ చర్చిలో ఉంది.

గడియారం 1410 నాటిది. గంట గంటకీ అస్థిపంజరం తాడు లాగుతుంది, కిటికీల్లో అపోస్తలుల (ఏసు శిష్యుల) బొమ్మలు తిరుగుతాయి, కోడి కూస్తుంది, చూస్తుండగానే అయిపోతుంది. అందరూ తలెత్తి చూస్తున్న ఆ కాసేపే జేబుదొంగలకి పండగ, పర్సు ముందు జేబులో పెట్టుకోండి. నన్నడిగితే గంట కొట్టాక జనం చెదిరిపోయినప్పుడు వెళ్లి డయల్ చూడాలి. సూర్యుడు ఏ రాశిలో ఉన్నాడో, చంద్రుడు ఎంత నిండాడో అందులో కనిపిస్తుంది. మేం వెళ్లింది మే మొదటి వారం. నాన్న చాలాసేపు చూసి, ‘సూర్యుణ్ని వృషభంలో పెట్టాడేంటమ్మా? ఇంకా మేషమే కదా!’ అన్నారు. తర్వాత ఆయనే తేల్చారు: వాళ్లది వసంత విషువత్తు నుంచి రాశుల్ని లెక్కించే సాయనం, మనది నక్షత్రాల్ని బట్టి లెక్కించే నిరయనం, మధ్యలో 24 డిగ్రీల తేడా. ఆ పూట ఎవరికి ఫోన్ చేసినా ఇదే చెప్పారు. టౌన్ హాలు బురుజుకి లిఫ్ట్ ఉంది కాబట్టి పైనుంచి ఊరు చూడాలంటే పెద్దవాళ్లకి అదే మేలు.

ఆదివారం పొద్దున యోసెఫోవ్, అంటే పాత యూదుల పేట. మిగతావన్నీ మానేసినా పింకాస్ సినగాగ్ మాత్రం మానకండి. లోపల మగవాళ్లు తల కప్పుకోవాలి, గుడ్డ లేకపోతే అక్కడే టోపీ ఇస్తారు. బొమ్మలుండవు, దీపాలుండవు. నాజీల చేతిలో చనిపోయిన బొహీమియా, మొరావియా (ఇప్పటి చెక్ ప్రాంతాలు) యూదుల పేర్లు, దాదాపు 78 వేలు, నాలుగు గోడల మీదా చేత్తో రాసి ఉంటాయి. ఇంటిపేరు, పేరు, పుట్టిన తేదీ, చివరి తేదీ. 1950లలో రాసినవి, కమ్యూనిస్టుల కాలంలో సినగాగ్ మూతపడి చెడిపోతే 1990లలో మొత్తం మళ్లీ రాశారు. మా అమ్మకి ఇంగ్లీషు అంతంతమాత్రం, కానీ అంకెలకి భాషేముంది? రెండు తేదీల మధ్య తీసివేత చేసుకుంటూ ‘ఆరేళ్లు… ఇది నాలుగేళ్లు…’ అంటూ గోడ వెంబడే నడిచింది. నేను మధ్యలో మాట్లాడలేదు. మేడ మీద తెరెజిన్ నాజీ క్యాంపులో పిల్లలు వేసిన బొమ్మలున్నాయి. మెట్లెక్కలేకపోతే నాన్నగారు కిందే ఉండొచ్చు.

అక్కణ్నుంచే శ్మశానంలోకి దారి. పేట దాటి స్థలం ఇవ్వలేదు కాబట్టి సమాధుల మీద మట్టి పోసి మళ్లీ సమాధులు కట్టారు. కొన్నిచోట్ల పన్నెండు పొరలంటారు. సుమారు 12 వేల రాళ్లు ఒకదాని మీదికి ఒకటి ఒరిగి ఉంటాయి.

మధ్యాహ్నం టైముంటే మెట్రో సి లైన్లో విషెహ్రాద్ అనే ఇంకో పాత కోటకి వెళ్లండి. ఉచితం, నడక తేలిక, కోట గోడ మీంచి వల్తావా నది బాగా కనబడుతుంది. అక్కడి శ్మశానంలో సంగీతకారులు స్మెతనా, ద్వొరాక్ సమాధులతో పాటు పైన చెప్పిన గాజు కిటికీ ముఖాది కూడా ఉంది. లెన్నన్ గోడ, పెత్రీన్ టవర్ ఈ ట్రిప్పుకి వద్దు.

తిండి సంగతి. వాళ్ల శాకాహారమంటే ఎక్కువగా పిండిలో ముంచి వేయించిన చీజ్, పైపూతలో గుడ్డు ఉంటుంది. బంగాళాదుంప అట్టులోనూ మామూలుగా గుడ్డు వేస్తారు, సూపులు మాంసం నీళ్లతో చేస్తారు. అమ్మగారికి ఊరి మధ్య ఇండియన్ హోటళ్లు మేలు, లేదా శుక్రవారం బయల్దేరేటప్పుడే పులిహోర కలిపేయండి. వీధుల్లో పొగలు కక్కే త్రదెల్నిక్ చుట్టలు ప్రాగ్ పాత సంప్రదాయమేం కాదు, టూరిస్టుల కోసం వెలిసినవే.

డబ్బు యూరోల్లో కాదు, కొరునాల్లో. ఏటీఎం ‘మీ కరెన్సీలోకి మార్చమంటారా’ అని అడిగితే వద్దని నొక్కండి, లేకపోతే రేటులో బాదేస్తుంది. తిరుగు రైలులో కుడివైపు సీట్లు రిజర్వ్ చేయించుకోండి, నది దాదాపు డ్రెస్డెన్ దాకా ఆ పక్కనే వస్తుంది.